ట్యాంకుకి ఫైబర్ గుడ్డ వేయించే ముందు ఒక్కమాట



మొన్న మినుముకి మందు కొట్టే రోజుల్లో మా నల్ల ట్యాంకు అడుగున జానెడు చీలిక వచ్చింది. ఫైబర్ గుడ్డ వేసి రెసిన్ పూస్తే రాయిలా ఉంటుందన్నారు. సామానుకి, కూలికి కలిపి 1400 అయింది. వేసిన రోజు నిజంగా రాయే. పదో రోజు మందు కలుపుతుంటే అంచు లేచింది, చూస్తుండగానే అట్ట మొత్తం ఊడొచ్చింది. దాని కింద ట్యాంకు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది! సగం మందు బోదెలోకి పోయింది. గేదెలు తాగే బోదె అది. ఆ పూటంతా గేదెల్ని అటు పోనీకుండా కాపలా కాశాం.

రెసిన్ నాసిరకం అని అందరం తిట్టుకున్నాం. ఇప్పుడు నేననేది, తప్పు రెసిన్‌ది కాదు. దేనిమీద వేస్తున్నామో చూడని మనది, అడగకుండా అమ్మేవాళ్లది.

ఫైబర్ పడవలు చేసేవాళ్లు ముందు అచ్చుకి మైనం పూస్తారు. ఎందుకు? ఫైబర్ అచ్చుకి అంటుకోకుండా ఊడి రావాలని. మన నల్ల ట్యాంకులు, నీలం డ్రమ్ములు, మందు డబ్బాలు ఎక్కువగా పాలిథీన్. దాని ఒంటి తీరే మైనం లాంటిది. అరటాకు మీద మందు నిలవదని జిగురు మందు కలుపుతాం గదా, ఇదీ అంతే. పైగా అరటాకు పైపైనే మైనం, పాలిథీన్ లోపలిదాకా అదే. ఎంత రుద్దినా గట్టి పట్టు రాదు. ఫ్యాక్టరీల్లో పాలిథీన్ మీద అక్షరాలు అచ్చు వేసే ముందు మంట తగిలిస్తారు. మందు డ్రమ్ముతో ఆ పని ఇంట్లో చేయబోకండి, ప్రమాదం.

కాబట్టి ముందు డబ్బా అడుగున త్రికోణం గుర్తులో అంకె చూడండి. 2, 4 అంటే పాలిథీన్, 5 అంటే పాలీప్రొపిలీన్. వీటికి ఫైబర్ పని పెట్టుకోవద్దు. అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి వెల్డింగ్ చేయించండి, లేదా కొత్తది కొనండి. 3 అంటే పీవీసీ, మన పైపులు. బండి ప్యానెళ్లు కొన్ని ఏబీఎస్. వీటిమీద ఫైబర్ నిలుస్తుంది, తయారీ సరిగ్గా ఉంటేనే.

తయారీ అంటే ఇదీ. సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. స్పిరిట్ గుడ్డతో జిడ్డు తుడవాలి. అసిటోన్ వద్దు, ఏబీఎస్ కరిగిపోతుంది. చీలిక రెండు కొసల్లో చిన్న బెజ్జం వేస్తే అది ముందుకి పాకదు. తర్వాత 80 నంబరు శాండ్ పేపరుతో, చీలికకి చుట్టూ నాలుగు వేళ్ల మేర, మెరుపు ఎక్కడా కనపడకుండా రుద్దాలి. పాత గోడకి గాట్లు కొట్టకుండా మేస్త్రి ప్లాస్టరింగ్ చేస్తాడా? ముక్కుకి గుడ్డ కట్టుకోండి. దుమ్ము తుడిచాక నాలుగు చుక్కలు నీళ్లు చల్లండి. ముత్యాల్లా ఉండలు కడితే ఇంకా కాలేదు, పలచగా పరుచుకుంటే అయినట్టు. బాగా ఆరనిచ్చి, చేత్తో ముట్టకుండా అదే రోజు గుడ్డ వేయండి. ప్లాస్టిక్‌కి మామూలు పాలిస్టర్ రెసిన్ కంటే ఎపాక్సీ బాగా పట్టుతుంది. మంచు పడే పొద్దున ఈ పని పెట్టుకోవద్దు.

గుడ్డ వేసేది అరగంట, రుద్దేది అరపూట. నేనైతే దేనిమీద వేస్తున్నానో చూడకనే 1400 పోగొట్టుకున్నాను. అమ్మే సోదరులకి కూడా ఒక మనవి. "దేనికి వేస్తున్నావయ్యా?" అని ఒక్కమాట అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి ఖర్చేమీ లేదు. అడక్కపోతే పోయేది మాత్రం రైతు డబ్బు, ఒక్కోసారి గొడ్డు ప్రాణం.