గడువు దాటిన పిల్లల్ని ఇంటికి రమ్మనే ముందు

మన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే. రాయచెర్లు నుంచి అటు పోయి రావడానికి ఎవరూ కాగితం అడగరు. అందుకేనేమో, అమెరికాలో వీసా గడువు దాటిపోయిన పిల్లల ఇబ్బంది మన ఇళ్లలో సరిగా అర్థం కావడం లేదు. "పెళ్లి చేసుకున్నావు కదా, ఒకసారి వచ్చి పో" అంటున్నాం. ఆ పిలుపు వాళ్ల కాపురానికే ముప్పు తేవచ్చు.

అక్కడి చట్టం ప్రకారం, సక్రమంగా వీసాతో దిగినవారు అమెరికా పౌరులను పెళ్లాడితే, గడువు దాటినా దేశంలో ఉండే గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. భార్యకో భర్తకో ఉన్నది గ్రీన్ కార్డు మాత్రమే అయితే మామూలుగా ఈ వెసులుబాటు లేదు. గడువుకు చూడవలసింది వీసా మీది తేదీ కాదు, ఐ-94 లోని తేదీ.

అసలు చిక్కు బయటికి రావడంలో ఉంది. 1996లో చేసిన చట్టం వల్ల, 180 రోజులకు మించి అక్రమంగా ఉండి దేశం విడిస్తే 3 ఏళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి విడిస్తే 10 ఏళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. మినహాయింపు అడగవచ్చు గానీ, దొరుకుతుందన్న భరోసా లేదు.

2012లో వలస అప్పీళ్ల బోర్డు అర్రబల్లి, ఎర్రబెల్లి అనే కేసులో తీర్పిచ్చింది. ఇంటిపేర్లు వింటేనే మనవాళ్లనిపిస్తుంది. వాళ్లది ఉద్యోగం దారిలో వేసిన దరఖాస్తు. అది తేలకముందే అడ్వాన్స్ పెరోల్ అనే ముందస్తు అనుమతితో ఇండియా వచ్చి వెళ్లారు. అలా వెళ్లడం ఆ పదేళ్ల నిషేధం కిందికి రాదని బోర్డు తేల్చింది. అయినా ఆ కాగితం తిరిగి లోపలికి రానిస్తారన్న హామీ కాదు. లాయరును అడగకుండా విమానం ఎక్కకూడదు.

2025 ఆగస్టులో అక్కడి వలస శాఖ ఇంకో మాట స్పష్టం చేసింది: కుటుంబ పిటిషన్ వేసినంత మాత్రాన దేశం నుంచి పంపేయకుండా రక్షణ ఉండదు. కాబట్టి పెళ్లయిందని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. ఇక కాగితం కోసం చేసుకున్న దొంగ పెళ్లి బయటపడితే, తర్వాత నిజమైన పెళ్లి చేసుకున్నా ఆ దారి మూసుకుపోతుంది. జైలు కూడా ఉంది. అలాంటి సలహా ఇచ్చే దళారికి మన ఇళ్లలో చోటివ్వకూడదు.

తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒకటే. కర్మకు రాలేదని, చెల్లెలి పెళ్లికి రాలేదని పిల్లల్ని నిష్ఠూరమాడవద్దు. వాళ్లు రాలేకనే రావడం లేదు. బంధువులు అడిగితే ఆ మాట చెప్పడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.