పెదనాన్న రాయాల్సిన ఉత్తరం

"ఊరా, కాలనీయా?" తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల పల్లెల్లో కొత్తవాణ్ణి ఈ ఒక్క మాట అడిగితే చాలు, కులం బయటపడుతుంది. అక్కడ దళితవాడను కాలనీ అనడం అలవాటు. ఆ మాటను ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసేస్తామని 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ అసెంబ్లీలో ప్రకటించారు. మంచిదే. నోళ్లలోంచి కూడా పోవాలిగా!

ఈ ప్రశ్నకు పిల్లల్ని ఇంట్లోనే తయారుచేస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయ దళితులు ఈ ప్రాంతంలో ఉన్నారు. వాళ్ల పిల్లలు వినేదీ ఇదే: "ఎవరన్నా అడిగితే బస్టాపు పేరు చెప్పరా, వీధి పేరు ఎత్తకు." "ఊరివాళ్ల పిల్లతో మాటలు పెట్టుకోకు." ప్రేమ కొద్దీ చెప్పేవే. కానీ తప్పెవరిదో చెప్పరు. చెప్పకపోతే పిల్లాడు అది తనదే అనుకుంటాడు.

తప్పు పిల్లాడిది కాదని చెప్పిన పెద్దవాళ్లూ ఉన్నారు. అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1962లో తమ్ముడి కొడుక్కి ఓ ఉత్తరం రాశాడు. నిన్ను తక్కువవాడంటున్న లోకం మాట నమ్మకురా అన్నదే దాని సారం. 2015లో మరో నల్లజాతి రచయిత టా-నెహిసి కోట్స్ కొడుక్కి ఉత్తరంగా ఏకంగా పుస్తకమే రాశాడు. మన దగ్గర ఉత్తరం ఎదురు నడిచింది. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థి రోహిత్ వేముల ఉత్తరం రాసి ప్రాణం తీసుకున్నాడు, పెద్దవాళ్లు కూర్చుని చదువుకున్నారు.

ధర్మపురి పెదనాన్న రాస్తే 2012 నవంబరు 7తో మొదలుపెట్టాలి. దళిత యువకుడు ఇళవరసన్ అంతకుముందే వన్నియర్ కులపు అమ్మాయిని పెళ్లాడాడు. ఆ రోజు ఆమె తండ్రి ప్రాణం తీసుకున్నాడు. ఆ సాయంత్రం గుంపులు నత్తం, అన్నానగర్, కొండంపట్టి కాలనీల మీద పడ్డాయి. 250కి పైగా ఇళ్లు దోచారు, తగలబెట్టారు. బెంగళూరు, తిరుప్పూరు వెళ్లి కూలి చేసి కట్టుకున్న ఇళ్లు, కొనుక్కున్న టీవీలు, బైకులు. పెళ్లి ఒక్క ఇంటిది, మంట మూడు కాలనీలది. తలొంచుకు బతికినవాళ్ల ఇళ్లూ కాలాయి. మరుసటేడు జులై 4న ఇళవరసన్ శవం రైలు పట్టాల పక్కన దొరికింది.

అక్కడితో ఉత్తరం ఆపితే పిల్లాడికి మిగిలేది భయమే. అదే జిల్లాలోని వాచాత్తి సంగతీ రాయాలి. 1992 జూన్ 20న గంధపు చెక్క వెతుకుతామంటూ అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజన పల్లె మీద పడ్డారు. 18 మంది ఆడవాళ్లపై అత్యాచారం చేశారు. నిందితులు 269 మంది. 2011లో తీర్పు వచ్చేనాటికి 54 మంది చనిపోయారు, మిగిలిన 215 మందినీ ధర్మపురి కోర్టు దోషులన్నది. 2023లో మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 31 ఏళ్లు! అన్నేళ్లూ ఆ ఆడవాళ్లు వీధి పేరు దాచుకోలేదు. కోర్టులో నిలబడి ఊరి పేరుతో సాక్ష్యం చెప్పారు.

ఆ నవంబరు సాయంత్రం గుంపులో నడిచినవాళ్లకూ తమ్ముళ్ల కొడుకులున్నారు. వాళ్లకు ఉత్తరం రాసే పని మాత్రం దళిత పెదనాన్నల నెత్తిన పెట్టకండి.