మొదటి రెండు పంటల మాట

గుడియాత్తంలో చిత్తూరు బస్సెక్కి పరదరామి దాటితే రాష్ట్రం మారుతుంది. మన్ను మారదు, చెనిక్కాయ మారదు, చేలో వినిపించే తెలుగు కూడా అంతగా మారదు. మారేది సర్కారు చేసే సాయం.

అవతల ఆంధ్ర ప్రభుత్వం 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని నడుపుతున్నది. తన చేలో ముందు చేసి చూచిన రైతే అక్కడ తోటివారికి పాఠం చెబుతాడు. పొదుపు సంఘాల స్త్రీలు దానికి దన్నుగా ఉంటారు. ఈ పనికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం వచ్చినది. ఇవతల తమిళనాడు ప్రభుత్వం 2023లో సేంద్రియ వ్యవసాయ విధానం ప్రకటించినది. 2024–25 బడ్జెటులో మన్నును కాపాడే పథకానికి 206 కోట్లు కేటాయించి, పచ్చిరొట్ట విత్తనాలు పంచబూనినది. సంతోషమే.

జీవామృతానికి ఎకరాకు కావలసినవి 10 కిలోల పేడ, ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమన్ను, 200 లీటర్ల నీళ్ళు. ఇదేమంత ఖర్చు గాదు. ఏళ్ళ తరబడి యూరియాకు అలవాటుపడిన నేలలో మొదటి ఒకటి రెండు పంటలు తగ్గితే, ఆ లోటే అసలు ఖర్చు. శ్రీలంక 2021లో రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపి, పంటలు దెబ్బతిని, ఆ ఏడే వెనక్కు తగ్గవలసి వచ్చినది గదా!

ఇంకొక చిక్కున్నది. ఏడాది పంటలకు సేంద్రియ ధ్రువపత్రం రావాలంటే మార్పిడి కాలం సాధారణంగా రెండేళ్ళు. గుత్త రైతుకు చేను చేతిలో ఉండేది ఒక్క ఏడు. పట్టా, అడంగలు అడిగేచోట సాయం భూమి గలవానికి అందుతుంది. పేడ మోసినవాడు పక్కన నిలబడతాడు. నేల బాగుపడితే మరుసటేడు గుత్త పెరుగుతుంది. ఇక వాడెందుకు బాగుచేయాలి?

ప్రభుత్వాలు సాగుచేసేవాని పేరే రాసుకొని, ఆ రెండేళ్ళ లోటు పూడ్చవలెనని మా మనవి. అది జరిగేదాకా మన చేతిలోనూ కొంత ఉన్నది. ఊళ్ళో చేను గుత్తకిచ్చి వేలూరులో ఉద్యోగాలు చేసుకొనేవారు మన సంఘంలో లేకపోలేదు. వారు ఈ మారు మూడేళ్ళకు కాగితం రాసి, అందాకా గుత్త పెంచమని ఒక్క మాట చేర్చితే చాలు. దానికి ఏ జీవో రానక్కరలేదు.