మౌనం అర్ధాంగీకారం కాదు

చిన్న జెట్ విమానం అమ్మేవాళ్లు కొనేవాళ్లకు ముందు చూపించేది కాక్‌పిట్‌లోని తెర. మధ్యలో మన విమానం, చుట్టూ వజ్రం ఆకారంలో మిగతావి. ఏదైనా మరీ దగ్గరికొస్తే ఆ గుర్తు పసుప్పచ్చని చుక్కగా మారుతుంది, హెడ్‌సెట్‌లో ఒక గొంతు "ట్రాఫిక్" అంటుంది. కొత్త పరికరాలైతే గడియారం ముల్లు లెక్కన ఏ వైపు, మనకంటే పైనా కిందా, ఎన్ని మైళ్లలో అన్నది కూడా చెబుతాయి. అది చూశాక కొనేవాడి మనసులో మూడు నమ్మకాలు పాతుకుంటాయి: ఆ తెరను నడిపే పెట్టె చూస్తుంది, పెట్టె చెబుతుంది, చెప్పలేదంటే ఎవరూ లేరు. మొదటి రెండింటితో నాకు పెద్ద పేచీ లేదు. మూడోది ఏ అమ్మకందారూ నోటితో అనడు, ఏ మాన్యువల్‌లోనూ రాయరు. గాల్లో మాత్రం బండి నడిచేది దానిమీదే.

మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. పెళ్లిచూపుల్లోనే ఆ సూత్రం ఎన్ని కొంపలు ముంచిందో అందరికీ తెలుసు. కాక్‌పిట్‌లో దాన్ని ఏకంగా పూర్తి అంగీకారం చేసేశాం.

పెట్టె వల్ల మేలు లేదని నేననను. ఫలానా వైపు చూడమని ముందే చెబితే, ఎదుటి విమానాన్ని వెతికి పట్టుకోవడంలో పైలట్ కన్ను ఎనిమిది రెట్లు చురుగ్గా పనిచేస్తుందని ఎంఐటీ వారి లింకన్ ల్యాబొరేటరీ పరీక్షల్లో తేలింది. అమెరికాలో 10,000 అడుగుల దిగువన వేగ పరిమితి 250 నాట్లు. ఆ వేగంతో రెండు జెట్లు ఎదురెదురుగా వస్తే సెకనుకు 257 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. ఎదుటిదాన్ని చూసి, ముప్పని గ్రహించి, విమానాన్ని తప్పించడానికి 12.5 సెకన్లు పడుతుందని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. ఆలోగా మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం కరిగిపోతుంది. అంత దూరాన చిన్న జెట్ అంటే ఆకాశంలో ఒక నలుసు. కాబట్టి చెవిన ఒక మాట పడటం వరమే. నా పేచీ అంతా ఆ మాట పడనప్పటి సంగతి.

2006 ఆగస్టు 28న అమెరికాలోని నెవాడాలో హాకర్ 800ఎక్స్‌పీ అనే బిజినెస్ జెట్ రీనో వైపు దిగుతోంది. అందులో టీకాస్, అంటే ఎదుటి విమానాల గురించి హెచ్చరించే పెట్టె ఉంది. అది ఏమీ అనలేదు. సుమారు 16,000 అడుగుల ఎత్తున జెట్ ఒక గ్లైడర్‌ను ఢీకొట్టింది. గ్లైడర్‌లోనూ అలాంటి పెట్టెలకు రేడియోలో జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ బ్యాటరీ ఆదా కోసం పైలట్ దాన్ని ఆపి ఉంచాడు. ఈ పెట్టెలకు కళ్లు లేవు; రేడియోలో ప్రశ్న వేసి జవాబు వింటాయి, అంతే. జవాబివ్వనివాడు వాటి లెక్కలో పుట్టనే లేదు. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దిగాడు, జెట్ చక్రాలు దించకుండానే కార్సన్ సిటీలో వాలింది. అందరూ బతికారు.

నెల తిరగ్గానే సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో అంత అదృష్టం లేకపోయింది. 37,000 అడుగుల ఎత్తున ఎంబ్రేయర్ లెగసీ 600 అనే బిజినెస్ జెట్ రెక్క గోల్ విమానయాన సంస్థ బోయింగ్ 737ను కోసేసింది. బోయింగ్‌లోని 154 మందీ చనిపోయారు. లెగసీలోని ఏడుగురూ ఒక సైనిక విమానాశ్రయంలో క్షేమంగా దిగారు. అప్పటికి దాదాపు గంటసేపటి నుంచి లెగసీ ట్రాన్స్‌పాండర్ స్టాండ్‌బైలో ఉంది. అది పడుకుంటే టీకాస్ కూడా పడుకుంటుంది. ఆ సంగతి తెర మీద చిన్న అక్షరాల్లో కనబడుతూనే ఉంది. శబ్దం మాత్రం లేదు. ఇంకో విశేషం: ఆ విమానంలో రేడియో ఫ్రీక్వెన్సీలు మార్చేదీ ట్రాన్స్‌పాండర్‌ను నడిపేదీ ఒకే యూనిట్ నుంచి. ప్రాణం కాపాడే పరికరాన్ని పలకరింపుల పరికరం పక్కనే కట్టేశారన్నమాట.

లెగసీ చిన్న జెట్ కాదు కదా, అందులో ఇద్దరు పైలట్లు ఉన్నారు కదా అనవచ్చు. నేనూ అదే అంటున్నాను. ఇద్దరి కంటికీ ఆనలేదు. సెస్నా మస్టాంగ్, ఫీనమ్ 100, సిరస్ విజన్ జెట్ లాంటివి ఒక్క పైలట్ నడపడానికి అనుమతి పొందిన విమానాలు. పైగా బరువు 5,700 కిలోలు దాటిన టర్బైన్ విమానాలకు టీకాస్ 2 తప్పనిసరి చేసే అంతర్జాతీయ నియమం వీటికి పట్టదు. ఎక్కు, దిగు అని ఆజ్ఞాపించే టీకాస్ 2 బదులు, ఎవరో ఉన్నారని మాత్రం చెప్పే పరికరాలే వీటిలో ఎక్కువ. అంటే చివరి నిర్ణయం ఆ ఒక్కడి చెవి మీద ఆధారపడి ఉంది.

ఆ చెవి దగ్గరికి వెళ్దాం. అమ్మకందారు దాటేసే భాగం ఇదే: ఆడియో ప్యానెల్. నిలువుగా బటన్ల వరసలు, ఎవరికి కావాలి? దిగడానికి పది నిమిషాల ముందు మొదటి రేడియోలో కంట్రోలర్ మాట్లాడుతుంటాడు, రెండో రేడియోలో వాతావరణ ప్రసారం తిరుగుతుంటుంది, ఇంటర్‌కమ్‌లో వెనక సీటు పెద్దమనిషి ఇంకెంతసేపని అడుగుతుంటాడు. ఎత్తు దగ్గరపడిందని ఒక గంట, ఆటోపైలట్ వదిలేస్తే ఇంకో మోత. ఫోన్‌ను బ్లూటూత్‌తో హెడ్‌సెట్‌కు కలిపి ఉంటే పాట కూడా. ఇన్నింటికీ దారి రెండు చెవులే. హెచ్చరిక గొంతు ఏ బటన్‌కూ లొంగకుండా నేరుగా వచ్చేలా తీగ కలుపుతారని నిపుణులు ధీమాగా చెబుతారు. నిజమే. కానీ హెడ్‌సెట్ తీగ మీద పైలట్ చేతికందే వాల్యూమ్ చక్రం ఒకటుంది. పాట తగ్గించినా, కంట్రోలర్ కేకను తగ్గించినా దానితో పాటు పెట్టె గొంతూ తగ్గుతుంది. అదీగాక పెట్టె మాట్లాడేది కంట్రోలర్ భాషే: ట్రాఫిక్, టూ ఓ క్లాక్. ఇద్దరూ ఒకేసారి అంటే ఎవరేమన్నారో తేల్చుకునేసరికి ఆ 12.5 సెకన్లలో కొన్ని హారతి కర్పూరం.

శబ్దం పెంచితే సరిపోతుందని కొందరి వాదన. ఫ్రాన్స్‌లోని టూలూజ్ పరిశోధకులు సిమ్యులేటర్‌లో పైలట్లకు కష్టమైన ల్యాండింగ్ ఇచ్చి, మధ్యలో చక్రాల అలారం మోగించారు. కొందరికి అది వినపడనే లేదు. చెవులు బాగానే ఉన్నాయి, మనసు ఇంకెక్కడో ఉంది. 2005లో గ్రీసులో కూలిన హీలియోస్ విమానం కథ మరోలా ఉంటుంది: గాలి పీడనం తగ్గితే మోగేదీ, టేకాఫ్‌కు సిద్ధంగా లేకపోతే మోగేదీ ఒకే హారన్. పైలట్లు రెండో అర్థం తీసుకున్నారు. 121 మంది పోయారు. ఒక మోతకు రెండు అర్థాలుంటే ఇంత అనర్థమైతే, మౌనానికి మూడు అర్థాలున్నప్పుడు ఎందుకు ఊరుకుంటున్నాం? ఎవరూ లేరు, ఎవరో ఉన్నా జవాబివ్వడం లేదు, నేనే నిద్రపోయాను: చిన్న జెట్‌లో ఈ మూడూ చెవికి ఒకటే.

ఇంకో అలారం పెడితే చెవిలో జోరీగ అవుతుందనే అభ్యంతరం వింటూనే ఉన్నాను. జోరీగలను తగ్గించండి, ఎవరొద్దన్నారు? దిగేటప్పుడు పాట దానంతటదే ఆగిపోవాలి, వెనక సీటు మాట ఆగిపోవాలి. ట్రాఫిక్ పరికరం పని మానేస్తే దానికంటూ వేరే శబ్దం ఉండాలి, పైలట్ విన్నానని ఒప్పుకునేదాకా ఆగకూడదు. బ్రెజిల్ ప్రమాదం తర్వాత 2007లో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎఫ్‌ఏఏను అడిగింది దాదాపు ఇదే. గ్లైడర్ల సంగతికి ఏ శబ్దమూ మందు కాదు. అక్కడ తల తిప్పి కిటికీలోంచి చూడాల్సిందే. పెట్టె ఉంది కదా అని ఆ తల తిరగడం తగ్గడమే నా అసలు ఫిర్యాదు.

ఇప్పుడు జరుగుతున్న పరీక్ష ఏమిటంటే, బయల్దేరే ముందు పైలట్ ఒక మీట నొక్కుతాడు. "సిస్టమ్ టెస్ట్ పాస్డ్" అని పెట్టె ఒక్కసారి పలుకుతుంది, స్పష్టంగా, హాయిగా. నేల మీద, కంట్రోలర్ ఇంకా పలకరించకముందు, వెనక సీట్లో ఎవరూ ఎక్కకముందు.