నజర్ తీస్తాం, నజర్ వేయం

మా చెల్లెలి బిడ్డకి మూడున్నరేళ్లు. మొన్న స్కూల్ డైరీలో టీచరమ్మ రాసి పంపింది: ‘స్లో. నోరు విప్పదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడించండి.’ కింద తల్లిదండ్రుల సంతకానికి గీత. ఇక చూడండి, మా ఇంట్లో మాతం. చెల్లెలు ఏడుపు. షార్జా నుంచి దూల్హేభాయ్ ఫోన్లో గుస్సా: “ఫీజు కడుతున్నది దీనికేనా?” మా అమ్మీ అయితే ఎండుమిరపకాయలు, ఉప్పు పిడికిట్లో పట్టి పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. “కిస్కీ నజర్ లగ్గయీ కీ మేరీ బచ్చీకూ!”

నజర్ అనగానే మనకు దిష్టే గుర్తొస్తుంది. ఆ లఫ్జుకి అసలు మానీ చూపు. దిష్టి తీయడంలో మనం ఉస్తాదులం. చూడ్డంలోనే కచ్చా.

నేనూ అంతే. ఇరవై ఏళ్లుగా మంత్రుల ముఖాలు, ఆఫీసర్ల ముఖాలు చూసి వార్తలు రాస్తున్నా. మా ఇంటి పిల్లని పావుగంట కుదురుగా చూసింది లేదు. చుట్టాలొస్తే నా కొడుకుని కూడా నిలబెట్టి “బేటా, అంకుల్‌కి ఏబీసీడీ చెప్పు, సూరా సునావో” అన్నవాణ్ణే. వాడు తడబడితే నా ఇజ్జత్ పోయినట్టు మొహం మాడ్చుకున్నవాణ్ణే.

డైరీ వచ్చిన ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని దాలాన్‌లో ఓ మూల కూర్చున్నా. రిపోర్టింగ్‌లో మొదటి సబక్ ఒకటుంది: చూసింది రాయి, విన్నది రాయి, అనుకున్నది రాయకు. అదే పాటించా. పిల్లని పలకరించలేదు. ఇదేం రంగు, అదేం జంతువు అని సవాళ్లు వేయలేదు.

మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ పరిచారు. పిల్ల వంటింట్లోంచి రకాబీలు తెచ్చి ఒక్కో మనిషి ముందు ఒక్కోటి పెట్టింది. నానీమాకి, అమ్మీకి, మామూకి, తనకి. అంతలో పక్కింటి ఖాలా వచ్చి కూర్చుంది. పిల్ల అందరి వైపూ ఓసారి చూసింది. ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి ఇంకో రకాబీ తెచ్చింది. ఒక్కటే. స్కూల్లో వంద దాకా అంకెలు వల్లె వేయించి అదే లెక్క అంటారు. లెక్క దస్తర్‌ఖాన్ మీద జరిగింది. దానికి మార్కులు వేసేవాళ్లు లేరు.

తిన్నాక బొమ్మల్ని గోడకానించి వరసగా కూర్చోబెట్టింది. అమ్మీ దుపట్టా భుజాన వేసుకుంది, స్కేలు చేతపట్టింది. “సిట్ ప్రాపర్లీ! నో టాకింగ్! ఫింగర్ ఆన్ ద లిప్స్!” అచ్చం టీచరమ్మ గొంతు. ఒక బొమ్మ పక్కకి ఒరిగింది. దాని మీదికి వంగి మెల్లగా, “రో నక్కో అమ్మా, అమ్మీ ఆతీ అబ్బిచ్” అంది.

నా పెన్ను ఆగిపోయింది. ఇంగ్లీషు రాదన్న పిల్ల టీచర్ మాటల్ని యాసతో సహా పట్టుకొచ్చింది. వచ్చిన ఇంగ్లీషులో సగం నోరు మూసుకోమనే. పాపం, మూసుకుంది. హుకుం పాటించిన పిల్ల మీద నోరు విప్పదని ఫిర్యాదు! రోజూ ఎవరో ఏడుస్తున్నారని, ఎవరూ దగ్గరికి తీయడం లేదని కూడా నాకు అనిపించింది. అయితే అది నా అనుమానం. నోట్‌బుక్‌లో రాయలేదు.

ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. కొత్త జబాన్ మధ్యలో పడేసిన పసిపిల్లలు చాలామంది కొన్నాళ్లు, కొన్ని నెలలు కూడా, మాట్లాడకుండా వింటారు. అది వెనకబాటు కాదు. నా సంగతే చెప్తా. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నా. మొదటి ఆరు నెలలు క్లాసులో నోరు తెరవలేదు. మా లెక్చరర్ నన్ను మొద్దు అనే అనుకున్నారు. లోపల మాత్రం ఒక్కో పదం జమ అవుతూనే ఉంది. పద్దెనిమిదేళ్లవాడికి దొరికిన మోహలత్ మూడేళ్ల పిల్లకి ఎందుకు దొరకదు?

మన బస్తీల్లో ప్రతి మూడో బోర్డు మీద మాంటిస్సోరి పేరుంటుంది. ఆమె ఎవరో తెలుసుకున్న యాజమాన్యాలు ఎన్ని? మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే గరీబు మొహల్లాలో, పనికిపోయే అమ్మానాన్నల పిల్లల కోసం ఇల్లు తెరిచింది. అక్కడ పాఠం చెప్పడం కన్నా ముందు గమనించింది. మూడేళ్ల పిల్ల ఒకతి చెక్క స్తంభాల్ని వాటి గుంతల్లో పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం నలభై సార్లకు పైగా చేసింది. చుట్టూ పిల్లలు పాటలు పాడినా, కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా తన పని వదల్లేదు. పసిపిల్లలకి ధ్యాస నిలవదన్న మాట అబద్ధమని ఆమెకు అక్కడ తెలిసింది. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఇండియాలోనే ఉండిపోయి, మన టీచర్లకి తర్ఫీదు కూడా ఇచ్చింది. ఇప్పుడు ఆమె పేరున్న బోర్డు కింద మూడేళ్ల పిల్లలు బెంచీల మీద చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు.

సర్కారు కాయితం కూడా అదే చెబుతోంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఈ వయసుకి పరీక్షలు తగవనీ, పిల్లల్ని గమనించి, వాళ్లు చేసినవి చూసి అంచనా వేయాలనీ చెప్పింది. అయినా నర్సరీలో చేరడానికే పిల్లకి ఇంటర్వ్యూ!

స్కూళ్లని తిట్టి చేతులు దులుపుకుంటే మన తప్పు మాఫ్ కాదు. మన పెద్దలు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక హారం వేసి, మిఠాయి పంచి బిస్మిల్లా చదివించేవాళ్లు. అప్పటిదాకా పిల్లకి ఆటే. ఆ దావత్ ఇప్పటికీ చేస్తున్నాం. అయితే అప్పటికే రెండేళ్లుగా పిల్ల చేత పెన్సిల్ పట్టించి ఉంటాం. మక్తబ్‌లో ఖాయిదా ముందు ఊగుతూ చదువుతున్న పిల్లవాడికి అలిఫ్, బే ఆకారాలు అందుతున్నాయా, చప్పుడే అందుతోందా అని చూసే ఉస్తాదులూ తక్కువే. ఛడీ చూపించేవాళ్లే ఎక్కువ.

“ఫుర్సత్ ఎక్కడిది భాయ్?” అంటారు. నిజమే, బీడీలు చుట్టే తల్లికి, మిషన్ కుట్టే తల్లికి ఫైళ్లు రాసే తీరిక లేదు. కానీ ఆ పిల్ల ఆమె పక్కనే ఆడుతోంది కదా. రోజుకి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చూడమంటున్నా. అసలు కష్టం ఉన్న పిల్ల కూడా అలా చూస్తేనే తెలుస్తుంది. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయొద్దు. డాక్టరుకి చూపించి చెవులు పరీక్ష చేయించాలి. మాటలు లెక్కపెట్టేటప్పుడు ఉర్దూవీ తెలుగువీ కలిపి లెక్కపెట్టండి. రెండు జబాన్ల వల్ల మాట ఆలస్యమవుతుందన్నది గలత్‌ఫెహ్మీ. దానికి భయపడి నానీమాని ఉర్దూ మాట్లాడొద్దని నోరు మూయించిన ఇళ్లు నాకు తెలుసు.

సోమవారం నా రెండు పేజీలు చెల్లెలు టీచరమ్మకి ఇచ్చింది. ఆమె అక్కడే నిలబడి చదివిందట. “నా క్లాసులో నలభై మంది ఉన్నారమ్మా, ఒక్కొక్కర్నీ ఎట్లా చూడను?” అందట. ఆమె తప్పేం లేదు. నలభై మందిని ఒక్కరి మీద వేసి, చేతిలో రిమార్కుల డైరీ పెట్టిన యాజమాన్యాన్ని అడగాలి. ఈ శనివారం పేరెంట్స్ మీటింగ్. ఎన్ని మార్కులు, ఎన్నో ర్యాంకు అని చెల్లెలు అడగదు. ఈ నెలలో నా బిడ్డ ఏం చేస్తుండగా చూశారో ఒక్కటి చెప్పమంటుంది.

డైరీలో ఆ గీత మీద ఇంకా సంతకం పెట్టలేదు.