అరువు ఇంజను

క్షిపణి అనగానే ఎంత దూరం పోతుంది, ఎంత మందుగుండు మోస్తుంది అని అడిగేవాళ్ళే గాని, దాని ఇంజను ఎవరు చేశారని అడిగేవాళ్ళు అరుదు. అసలు అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

క్రూయిజ్ క్షిపణి రాకెట్టు తోపుతో లేచినా, ఆపైన చిన్న విమానంలా గాలి పీల్చుకొంటూ నేలకు దగ్గరగా పోతుంది. దానికి కావలసింది చిన్న జెట్ ఇంజను. గాలిని నొక్కడం, ఇంధనంతో మండించడం, ఆ వేడి వాయువుతో టర్బైన్ తిప్పి మిగిలిన జోరును వెనక్కి వదలడం - సూత్రం క్లాసులో పది నిమిషాల్లో అయిపోతుంది. చేయబోతే ఏళ్ళు పడుతుంది.

ఎందుకంటే పెద్ద ఇంజనును కుదించినంత మాత్రాన చిన్న ఇంజను కాదు. రెక్కల కొసల వేగం తగ్గకూడదు గనుక, చక్రం సగమైతే చుట్లు రెట్టింపు కావాలి. నమూనా విమానాల బుల్లి ఇంజన్లు నిమిషానికి లక్ష చుట్లు దాటతాయి. రెక్క కొసకూ గొట్టానికీ మధ్య సందు మాత్రం ఆ లెక్కన తగ్గదు. అందులోంచి గాలి జారిందా, ఇంజను నీరసించినట్లే! అడుగు వెడల్పు ఇంజనుతో ఈ చిక్కు విప్పిన అమెరికన్ శామ్ విలియమ్స్‌కు 1978లో కోలియర్ ట్రోఫీ దక్కింది.

మరి మన సంగతి? పైలట్ లేని ‘లక్ష్య’ విమానం మొదట ఫ్రెంచి ఇంజనుతో ఎగిరింది, తరువాత హెచ్.ఏ.ఎల్. 380 కిలోల తోపునిచ్చే టర్బోజెట్టు చేసింది. 2013లో ‘నిర్భయ్’ క్షిపణి రష్యా ఇంజనుతో బయలుదేరింది. 2024 ఏప్రిల్ 18న చాందీపూరులో స్వదేశీ ‘మాణిక్’ ఇంజనుతో క్రూయిజ్ క్షిపణి పరీక్ష నెగ్గింది.

కొనుక్కుంటే పోలేదా అనేవారున్నారు. 1987లో ఏడు దేశాలు క్షిపణి సాంకేతికత చుట్టూ కంచె వేశాయి. ఆ జాబితాలో చిన్న టర్బోజెట్లు కూడా ఉన్నాయి. 2016లో గాని మనం ఆ కంచె లోపలికి పోలేదు. సేద్యగాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట విడమర్చి చెప్పనక్కర లేదు. వాన అందరికీ ఒకేసారి పడుతుంది. కాడి ఉన్నవాడు ముందు తన చేనే దున్నుకొంటాడు. అదునులో అరువు కాడి దొరకదు.

కూడు చాలని దేశానికి క్షిపణులేమిటని మరికొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. యుద్ధం నాకూ ఇష్టం లేదు. కాని వేడికి తట్టుకొనే లోహం, వణకకుండా తిరిగే ఇరుసు నేర్చినవాడి చేతికి కరెంటు జనరేటరు, నీటి పంపు లొంగకుండా పోవు.

మిత్రులారా! టర్బైన్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకొన్నాం. ఒక్క టర్బోఛార్జరైనా విప్పి చూసినవాళ్ళం ఎందరం? జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ ప్లైవుడ్ చక్రంతోనే బుల్లి జెట్ ఇంజను నడిపించాడు. మన లాబొరేటరీకి తుక్కులో పడున్న లారీ టర్బోఛార్జరు ఒకటి తెప్పించమని అధ్యాపకులనూ, యూనియన్‌నూ కోరుతున్నాను. విప్పే పని మాది.

- తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి