'అలీ' సినిమా తొందరగా దాటేసిన తీర్పు

మైకేల్ మన్ దర్శకత్వంలో 2001లో వచ్చిన 'అలీ' చిత్రం మన ఇళ్లల్లో ఎదిగిన పిల్లలతో కలిసి చూడదగినదేనని మేము భావిస్తున్నాము. (కొన్ని సన్నివేశాల దృష్ట్యా పెద్దలు ముందుగా ఒకసారి చూసుకోవడం మేలు.) 1964లో సోనీ లిస్టన్‌పై గెలుపు మొదలు 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టేదాకా పదేళ్ల కథ ఇది. విల్ స్మిత్ ప్రాణం పెట్టి నటించాడు. మాల్కం ఎక్స్ హత్య ఘట్టం చాలాకాలం మనసును వదలదు.

మా అసంతృప్తి ఒక్కటే. కిన్షాసా పోటీకి దక్కిన నిడివిలో నాలుగో వంతైనా న్యాయస్థానానికి దక్కలేదు.

1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో ముహమ్మద్ అలీ సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. తన ధర్మం అందుకు ఒప్పుకోదన్నాడు. ఛాంపియన్ బిరుదు లాగేసుకున్నారు. అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు వల్ల జైలు తప్పినా, మూడున్నరేళ్లు ఆయనను రింగులోకి రానివ్వలేదు. 1971 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టులో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా శిక్షను రద్దు చేశారు. సినిమాలో ఇది ఒక శుభవార్తగా వచ్చి వెళ్లిపోతుంది.

ఎందుకు రద్దు చేశారు? అలీ మినహాయింపు కోరిన దరఖాస్తును అప్పీలు బోర్డు తోసిపుచ్చింది గాని, ఎందుకు తోసిపుచ్చిందో రాయలేదు. న్యాయశాఖ బోర్డుకు మూడు అభ్యంతరాలు చెప్పింది. వాటిలో రెండు నిలవవని ప్రభుత్వమే తర్వాత సుప్రీంకోర్టులో ఒప్పుకుంది. మరి బోర్డు దేనిని నమ్మి కాదన్నట్టు? కాగితం మీద లేదు. అందుకే శిక్ష నిలవలేదు.

ఏళ్ల తరబడి సర్కారు కచేరీల్లో ఫైళ్లు నడిపిన మాబోటివారికి ఈ సంగతి గుండెకు తగులుతుంది. బీసీ-ఇ ధ్రువపత్రం కోసమో, ఉపకారవేతనం కోసమో వెళ్లిన మన బిడ్డ చేతిలో 'తిరస్కరించడమైనది' అన్న ఒక్క ముక్క పెట్టి పంపితే, మనం తలవంచుకుని ఇంటికి వస్తున్నాము. 'మనవాళ్లకు ఎప్పుడూ ఇంతే' అని నిట్టూర్చి ఆ కాగితాన్ని పారేస్తున్నాము. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం, తన నిర్ణయానికి కారణాలను బాధితులకు తెలియజేయవలసిన బాధ్యత కార్యాలయానిదే. ఆ కాగితాన్ని భద్రపరచండి. కారణం తెలుపమని తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, నకలుపై ముద్ర, తేదీ వేయించుకోండి. రాయడం రానివారికి మసీదు కమిటీల్లోని చదువుకున్న యువకులు జుమా నమాజు తర్వాత ఓ అరగంట కూర్చుని రాసిపెట్టవచ్చు.